నాన్నకు రిబావిరిన్ మొదలయ్యాక హిమోగ్లోబిన్ పడిపోతోంది, అదే మందు వాడుతున్న ఇంకొకాయనకు ఏమీ కాలేదు. ఎందుకు?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా నాన్నకు 58 ఏళ్లు. రైస్ మిల్లులో గుమస్తాగా చేసేవారు. పోయినేడాది పొట్ట ఉబ్బి, కాళ్లు వాచాయని ఆసుపత్రికి తీసుకెళ్తే హెపటైటిస్ సి అని తేలింది. లివర్ అప్పటికే సిర్రోసిస్‌లోకి, అంటే మచ్చలు పడి గట్టిపడే దశలోకి, వెళ్లిపోయిందట. 1994లో లారీ యాక్సిడెంట్ అయినప్పుడు ఆయనకు మూడు సీసాల రక్తం ఎక్కించారు. అప్పుడే వచ్చి ఉంటుందని డాక్టరు గారు అంటున్నారు. పొట్టలో నీరు రెండుసార్లు తీశారు.

ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన బిళ్ల రోజుకొకటి. దానికి తోడు రిబావిరిన్ 200 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు, మొదటి రెండు వారాలు రోజుకు మూడు, తర్వాత ఐదు చేశారు. మొత్తం 12 వారాలు.

మొదలుపెట్టిన రోజు హిమోగ్లోబిన్ 12.4. రెండో వారం 11.1. నిన్న నాలుగో వారం రిపోర్టు వచ్చింది, 9.3. బిలిరుబిన్ 1.9 నుంచి 3.2 అయింది. కళ్లు పచ్చబడ్డాయి. బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి ఆయాసపడుతున్నారు.

మేం మొదలుపెట్టిన రోజే చీరాల నుంచి ఒకాయన కూడా మొదలుపెట్టారు. ఆయనకూ పొట్టలో నీరు వచ్చిందట, బరువు కూడా నాన్నంతే, ఆయనవీ ఐదు క్యాప్సూళ్లే. ఆయన రిపోర్టు నా కళ్లతో చూశాను. 12.9 ఉన్నది 12.5 అయింది, అంతే. నిన్న ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆయన లేచి వెళ్లి టీ తాగి వచ్చారు. మా నాన్న నా భుజం పట్టుకుని లేచారు.

ఇంటికొచ్చాక మా పెద్దనాన్న అమ్మను నిలదీశారు. "ఆయన భార్య సరిగా వండి పెడుతోంది, నువ్వు ఉప్పు లేని కూడు పెడితే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నారు. ఉప్పు తగ్గించమన్నది డాక్టరు గారే. అమ్మ రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే లేచి మునగాకు కోసుకొచ్చింది, ఖర్జూరాలు, బీట్‌రూట్ తెప్పించింది. మెడికల్ షాపులో అడిగి ఐరన్ టానిక్ కూడా తెచ్చింది.

నేను అడిగేది ఇది. ఒకే మందు, ఒకే డోసు అయినప్పుడు ఇద్దరికీ ఇంత తేడా ఎందుకు వచ్చింది? మా రక్తంలోనే, అంటే వంశంలోనే ఏదైనా ఉందా? జీన్ టెస్టు ఏదో ఉంటుందని మా కజిన్ అంటోంది, చేయించాలా? ఐరన్ టానిక్ ఇవ్వొచ్చా? మళ్లీ డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. అప్పటిదాకా క్యాప్సూళ్లు ఆపేద్దామా అని అన్నయ్య అంటున్నాడు.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, నేను 2013లో ఇదే రిబావిరిన్ 24 వారాలు వాడాను. అప్పట్లో ఈ బిళ్లలు ఇక్కడ లేవు. వారానికోసారి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ నాలుగు క్యాప్సూళ్లు. శనివారం సాయంత్రం ఇంజెక్షన్ చేయించుకుంటే ఆదివారమంతా చలిజ్వరంతో దుప్పట్లో ఉండేవాణ్ణి, సోమవారం బడికి వెళ్లేవాణ్ణి.

నా హిమోగ్లోబిన్ 14.2 నుంచి నాలుగు వారాల్లో 10.1 అయింది. మా బడిలో పదో తరగతి గది పై అంతస్తులో ఉండేది. మెట్లు 22. మధ్యలో మలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి గ్రౌండ్ చూస్తున్నట్టు నిలబడి ఊపిరి పీల్చుకునేవాణ్ణి, పిల్లలు కంగారు పడకూడదని. కాబట్టి మీ నాన్నగారి ఆయాసం నాకు తెలుసు. ఆయన బద్ధకంతో కూర్చోవట్లేదు, నాటకం ఆడట్లేదు.

మా డాక్టరు గారు ఒక క్యాప్సూల్ తగ్గించారు. అక్కడి నుంచి పదిన్నర దగ్గర నిలబడింది. కోర్సు అయిపోయిన రెండు నెలలకు 13 దాటింది. వైరస్ పోయింది, ఇప్పటికీ లేదు.

రెండు మాటలు చెబుతాను. సొంతంగా ఏదీ ఆపకండి. గురువారం దాకా ఆగకండి కూడా, 10 కంటే కిందికి వచ్చింది కాబట్టి రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు.

బయోకెమిస్ట్రీ మేడమ్:

తెనాలి అమ్మాయికి. నేను మెడికల్ కాలేజీలో 26 ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు, అది ముందే చెబుతున్నాను. కానీ మీరు అడిగిన ప్రశ్న మా ఇంట్లోనే ఒకప్పుడు పుట్టింది, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మాస్టారు చెప్పింది నిజం. గుండె జబ్బు లేనివాళ్లకు హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే రిబావిరిన్ డోసు తగ్గించాలని, 8.5 కంటే తగ్గితే రిబావిరిన్ ఆపాలని ఆ మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. గుండె జబ్బు ఉంటే లెక్క ఇంకా కఠినం, నాలుగు వారాల్లో 2 గ్రాములు పడితే చాలు, డోసు తగ్గిస్తారు. నాన్నగారికి గుండె ఎలా ఉందో ఫోన్‌లో తప్పక చెప్పండి. ఆపినా తగ్గించినా రిబావిరిన్ వరకే. రోజూ వేసుకునే ఆ ఒక్క బిళ్ల ఒక్క రోజు కూడా మానకూడదు, వైరస్‌ను ప్రధానంగా చంపేది అదే.

ఇప్పుడు తేడా సంగతి. మా ఆయన 2011లో ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్ వాడారు. డాక్టరు గారు మొదటి రోజే "నెలలో రెండు మూడు గ్రాములు పడుతుంది, భయపడకండి" అని చెప్పారు. నేను వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు గ్రాఫ్ పేపరు అతికించి ప్రతి వారం చుక్క పెట్టేదాన్ని. 14.6, 14.4, 14.1, 14.2. గీత దాదాపు అడ్డంగా పోయింది. నేను రోజూ మునగాకు పప్పు, నువ్వుల ఉండలు చేసి పెట్టాను. అది నా వంట వల్లేనని గట్టిగా నమ్మాను. చుట్టాలకు కూడా చెప్పాను. అదే నెలలో మా వీధిలో ఇంకొకాయనకు 15 ఉన్నది 10.8కి వచ్చింది. ఆయన భార్యకు నా వంటలన్నీ రాసిచ్చాను. ఆవిడ చేసింది కూడా. ఆయనది పడుతూనే ఉంది. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మీ అమ్మగారి గురించి చదువుతుంటే ఆవిడే కనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను.

రిబావిరిన్ ఎర్ర కణంలోకి తేలిగ్గా వెళ్తుంది. వెళ్లాక దానికి మూడు ఫాస్ఫేట్లు తగులుకుంటాయి. వేరే కణాలు వాటిని మళ్లీ ఊడదీసి మందును బయటికి పంపగలవు. ఎర్ర కణానికి న్యూక్లియస్ లేదు, ఆ ఊడదీసే సరంజామా లేదు. లోపలికి వెళ్లింది లోపలే ఉండిపోతుంది. కోర్సు సాగేకొద్దీ ప్లాస్మాలో ఉన్నదానికి దాదాపు 60 రెట్లు రక్తంలో పేరుకుంటుంది, అదంతా ఎర్ర కణాల్లోనే. అలా నిండిన కణంలో ఏటీపీ, అంటే కణం బతకడానికి కావలసిన ఇంధనం, తగ్గిపోతుంది. పొర గట్టిపడుతుంది. ప్లీహం, లివర్ దాన్ని ముసలి కణం అనుకుని ముందే తీసి పారేస్తాయి. అలా విరిగిన హిమోగ్లోబిన్ నుంచే బిలిరుబిన్ వస్తుంది. నాన్నగారి కళ్లు పచ్చబడటంలో చాలా భాగం ఇదే అయి ఉండొచ్చు. కానీ సిర్రోసిస్ ఉంది కాబట్టి డైరెక్ట్ ఎంత, ఇన్‌డైరెక్ట్ ఎంత అని విడదీసి చూడమనండి. ఇన్‌డైరెక్ట్ పెరిగితే కణాలు విరగడం వల్ల, డైరెక్ట్ పెరిగితే లివర్ గురించి ఆలోచించాలి.

మరి కొందరికి ఎందుకు పడదు? 2010లో నేచర్ పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో హెపటైటిస్ సి చికిత్స తీసుకున్నవాళ్ల జన్యువులన్నీ జల్లెడ పట్టి, నాలుగో వారానికి హిమోగ్లోబిన్ ఎంత పడిందో దాంతో పోల్చారు. తేడా అంతా 20వ క్రోమోజోమ్ మీద ఒకే చోట తేలింది. అక్కడున్న జన్యువు పేరు ఐటీపీఏ. అందులో రెండు రకాల మార్పులున్నాయి. ఒకటి 94వ అక్షరం సి బదులు ఏ కావడం. ఇంకొకటి జన్యువు మధ్యలో కత్తిరింపు జరిగే చోట ఉంటుంది. ఏది ఉన్నా ఆ జన్యువు తయారుచేయించే ఎంజైము నెమ్మదిస్తుంది. మొదటి మార్పు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ఎంజైము పావు వంతే పనిచేస్తుంది, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు సున్నా. అలా ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకే హిమోగ్లోబిన్ నిలబడింది. అదే ఏడాది జపాన్ వాళ్లూ అదే చూశారు, కాకపోతే రెండో రకం మార్పు వాళ్లలో దాదాపు లేదు.

ఎంజైము లోపం మేలు చేయడమేంటి అని పిల్లలు క్లాసులో అడిగేవాళ్లు. నేను ఇలా చెప్పేదాన్ని. కణంలో జీటీపీ అనేది వంటింట్లో గ్యాస్ సిలిండర్ లాంటిది, ఏటీపీ తయారీకి అది కావాలి. రిబావిరిన్ ఆ గ్యాస్ అయిపోయేలా చేస్తుంది. కణంలో ఐటీపీ అని పాత కిరోసిన్ స్టవ్ లాంటిది కూడా పుడుతూ ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయట పారేయడమే ఐటీపీఏ ఎంజైము పని. ఆ ఎంజైము నెమ్మదిగా ఉన్న ఇంట్లో స్టవ్ అటక మీద మిగిలిపోతుంది. గ్యాస్ అయిపోయిన రోజు దాన్ని దించుకుని వండుకుంటారు. మామూలు రోజుల్లో ఆ స్టవ్ ఉన్నా లేకపోయినా ఏ తేడా ఉండదు, అలాంటివాళ్లు ఏ జబ్బూ లేకుండానే బతికేస్తారు.

మా ఆయన కోర్సు అయిపోయాక, ఒక పీజీ అమ్మాయి ప్రాజెక్టులో ఆయన ఒప్పుకుని శాంపిల్ ఇచ్చారు. సీక్వెన్సింగ్ గ్రాఫులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు శిఖరం ఉంటుంది. 94వ స్థానం దగ్గర రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, నీలం సి, ఆకుపచ్చ ఏ. ఆ అమ్మాయి పెన్నుతో చూపించింది. నేను చాలాసేపు ఆ కాగితం అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఫ్రిజ్ మీద గీత అడ్డంగా పోవడానికి కారణం నా వంట కాదు, ఆయన అమ్మో నాన్నో ఇచ్చిన ఆ ఒక్క అక్షరం. మా వీధి ఆవిడ ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పొచ్చాను.

ఇప్పుడు ఐరన్ టానిక్. దయచేసి ఇవ్వకండి, డాక్టరు గారు ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే టెస్టు, చూసి చెబితే తప్ప. ఇందులో ఐరన్ ఒంట్లోంచి పోవట్లేదు. విరిగిన కణాల్లోని ఐరన్ మళ్లీ ఒంట్లోనే మిగులుతుంది. హెపటైటిస్ సి ఉన్న లివర్లో అసలే ఐరన్ పేరుకుంటుంది. ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. సిర్రోసిస్ వాళ్లకు అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు కారితే విరేచనం తారులా నల్లగా వస్తుంది. ఐరన్ టానిక్ తాగినా నల్లగానే వస్తుంది. టానిక్ వల్లేలే అనుకుని నిజంగా రక్తం పోతున్న సంగతి గమనించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అసలు హిమోగ్లోబిన్ పడటానికి ఆ కారణం కూడా ఉందేమో చూడాలి, అన్నీ రిబావిరిన్ మీదికి నెట్టేయకూడదు. విరేచనం రంగు ఎలా ఉందో నాన్నగారిని ఈ రోజే అడగండి.

మునగాకు పెట్టుకోండి, మంచిదే. అది తింటే ఆగేది కాదు, మానేస్తే వచ్చింది కాదు. ఉప్పు మాత్రం ఇప్పుడు పెడుతున్నట్టే తక్కువగా పెట్టమనండి అమ్మగారిని. ఆవిడ చేస్తున్నదే సరైనది.

తెనాలి అమ్మాయి:

మేడమ్ గారూ, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. ఫ్రిజ్ దగ్గరి గ్రాఫు సంగతి రెండుసార్లు చదివించుకుంది. విరేచనం రంగు అడిగాను, మామూలుగానే ఉందట. టానిక్ ఇంకా మూత తీయలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాం. ఐదు క్యాప్సూళ్లు మూడు చేసి, ఎల్లుండి మళ్లీ సీబీసీ, అంటే రక్తకణాల లెక్క టెస్టు, చేయించమన్నారు. గుండె జబ్బు లేదు, ఈసీజీ చూసుకున్నారు.

ఇంకో రెండు సందేహాలు. ఇప్పుడు ఐటీపీఏ టెస్టు చేయించడం వల్ల ఉపయోగం ఉందా? మా వదిన ఇప్పుడు ఐదో నెల గర్భిణి, ఆవిడే నాన్నకు మందులు తీసి ఇస్తోంది. పర్వాలేదు కదా?

ఖమ్మం ల్యాబ్:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రెండో ప్రశ్న చూసి వెంటనే రాస్తున్నాను. రిబావిరిన్ కడుపులో బిడ్డకు హాని చేసే మందు. వదిన గారి చేత ఆ పని వెంటనే మాన్పించండి, ముఖ్యంగా క్యాప్సూల్ విరిగి పొడి రాలితే ఆవిడ అసలు ముట్టుకోకూడదు. మీ అమ్మగారో మీరో ఇవ్వండి. ఇప్పటిదాకా మూసి ఉన్న క్యాప్సూల్ పట్టుకుని ఇచ్చినంత మాత్రాన హడలిపోనక్కర్లేదు, అయినా గైనకాలజిస్టుకు ఒక మాట చెప్పండి.

సీబీసీతో పాటు రెటిక్ కౌంట్ కూడా రాయించుకోండి. అంటే ఎముక మజ్జ నుంచి కొత్తగా వచ్చిన ఎర్ర కణాలు ఎన్ని ఉన్నాయో లెక్క. నీలం రంగు వేసి చూస్తే లేత కణాల్లో సన్నటి దారాల వలలా కనిపిస్తుంది. ఆ లెక్క పెరిగితే మజ్జ కష్టపడి కొత్తవి పంపుతోందని అర్థం. మాస్టారి కాలంలో ఇంటర్‌ఫెరాన్ ఆ మజ్జను కూడా అణిచేసేది, అందుకే అప్పట్లో రెండు వైపులా దెబ్బ పడేది. మీ నాన్నగారికి ఆ బాధ లేదు.

ఇంకో మాట. మీ బంధువుల్లో ఎవరికైనా తలసీమియా, సికిల్ సెల్ ఉన్నాయా? మా ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లలో సికిల్ సెల్ చూస్తూ ఉంటాం. ఆ జబ్బులు ఉన్నవాళ్లకు రిబావిరిన్ ఇవ్వకూడదు. నాన్నగారికి మొదట 12.4 ఉంది కాబట్టి పెద్ద జబ్బు ఉండకపోవచ్చు, కానీ రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సగటు సైజు, బాగా తక్కువ ఉంటే ఆ మాట డాక్టరు గారి చెవిన వేయండి.

బయోకెమిస్ట్రీ మేడమ్:

వదిన గారి విషయం ల్యాబ్ వారు చెప్పింది అక్షరాలా పాటించండి.

టెస్టు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇప్పుడు దానికి డబ్బు పెట్టకండి. నేను ఆ జన్యువు మీద ఇంత ప్రేమగా రాశాను, అయినా చెబుతున్నాను. మొదలుపెట్టకముందు ఎవరికి పడుతుందో ఊహించడానికి అది పనికొస్తుంది. నాన్నగారి రక్తం ఆ జవాబు నాలుగు వారాల్లోనే చెప్పేసింది. టెస్టులో మార్పు లేదని వచ్చినా డోసు తగ్గించడమే, ఉందని వచ్చినా 9.3 9.3నే. ఆ డబ్బుతో సీబీసీలు ఇంకో నాలుగు చేయించుకోవచ్చు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో క్రియాటినిన్ కూడా చూడమనండి, రిబావిరిన్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల నుంచే. అది కొంచెం మందగించినా మందు ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది. చీరాల ఆయనకూ నాన్నకూ తేడా అక్కడ కూడా ఉండొచ్చు. ఆయనకు ఐటీపీఏ మార్పు ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

మీ అన్నయ్య "ఈ క్యాప్సూళ్లు లేకపోతే ఏం" అని మళ్లీ అడిగితే ఈ లెక్క చూపించండి. 2015లో ఇలా పొట్టలో నీరు వచ్చే స్థాయి సిర్రోసిస్ ఉన్నవాళ్ల మీద ట్రయల్ చేశారు. బిళ్ల ఒక్కటే 12 వారాలు వాడినవాళ్లలో 83 శాతానికి వైరస్ పోయింది. రిబావిరిన్ కలిపి 12 వారాలు వాడితే 94 శాతానికి. బిళ్ల ఒక్కటే 24 వారాలు వాడితే 86. నాన్నగారు అసలు తట్టుకోలేకపోతే రిబావిరిన్ లేకుండా 24 వారాల దారి ఉంది, అది డాక్టరు గారు నిర్ణయిస్తారు. ముందు మూడు క్యాప్సూళ్లతో నిలబడుతుందేమో చూడనివ్వండి.

డోసు తగ్గించిన మర్నాడే అంకె పెరగాలని చూడకండి. ఇది ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోయే మందు, సగం పోవడానికే దాదాపు 12 రోజులు. ఎల్లుండి రిపోర్టులో ఇంకో రెండు మూడు పాయింట్లు తగ్గి 9.1 వచ్చినా గుండెలు బాదుకోవద్దు. 8.5 వైపు వెళ్తుంటే మాత్రం ఆ గంటలోనే ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నల్ల విరేచనం, మగతగా తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ కూడా వద్దు, నేరుగా తీసుకెళ్లండి.

మీకు, అన్నయ్యకు, అమ్మగారికి హెపటైటిస్ సి టెస్టు అయిందా? ఐటీపీఏ వంశంలో వస్తుంది కానీ ఈ వైరస్ అలా రాదు. అయినా ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఒకే రేజరు, ఒకే నెయిల్ కట్టర్ వాడి ఉంటారు. వదిన గారికి కూడా చేయించండి.

తెనాలి అమ్మాయి:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

మూడో రోజు సీబీసీలో 9.0 వచ్చింది. మేడమ్ గారు ముందే చెప్పారు కాబట్టి అమ్మ కూడా కంగారు పడలేదు. క్రియాటినిన్ 1.4 ఉందట, అది చూసి డాక్టరు గారు ఇంకో క్యాప్సూల్ తగ్గించారు, ఇప్పుడు రోజుకు రెండే. నిన్న 9.6. రెటిక్ కౌంట్ 5 శాతం. బిలిరుబిన్ 2.5కి దిగింది, అందులో ఎక్కువ ఇన్‌డైరెక్టే. నాలుగో వారం వైరల్ లోడ్ రిపోర్టు కూడా వచ్చింది, వైరస్ కనపడలేదు అని రాసి ఉంది.

ఇంట్లో మా అందరికీ టెస్టు చేయించాం, నెగెటివ్. వదినకు కూడా.

పెద్దనాన్న ఆదివారం వచ్చారు. కిరోసిన్ స్టవ్ సంగతి నాన్నే ఆయనకు చెప్పారు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, పూర్తిగా. ఆయన ఏమీ అనలేదు. భోజనానికి కూర్చుని, తనకూ నాన్న కూరే వడ్డించమని అమ్మను అడిగారు.

టానిక్ షాపులో వెనక్కి ఇచ్చేశాం. వంటింట్లో క్యాలెండర్ పక్కన గ్రాఫ్ పేపరు అతికించాను. చుక్కలు అమ్మ పెడుతోంది.